బడిలో చెనిక్కాయ మొక్క

మన అనంతపురం వైపు అంగన్‌వాడీలో పిల్లల చేత విత్తనం వేయించాలంటే చెనిక్కాయ (వేరుశనగ) గింజే మేలు. పెద్దది కాబట్టి చిన్న వేళ్లకు చిక్కుతుంది, వారం పది రోజుల్లో మొలకొస్తుంది. పైభాగం కోసిన వాటర్ బాటిల్‌కు అడుగున చిల్లులు పెట్టి, ఎర్రమట్టిలో కాస్త ఇసుక కలిపి నింపండి. గింజను అంచుకు ఆనించి అంగుళం లోతున పెట్టిస్తే వేరు దిగేది బయటికే కనిపిస్తుంది. వేరును చూడని వేళల్లో బాటిల్‌కు నల్ల కాగితం చుట్టండి.

అసలు తంటా నీళ్లతోనే. ఒకరు పోస్తే అందరూ పోస్తామంటారు, గింజ కుళ్లిపోతుంది! బాటిల్ మూతతో కొలిచి, రోజుకొకరికి వంతు పెట్టండి. మందు పట్టించిన విత్తనం మాత్రం వద్దు, పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. వేయించని కాయలు తెచ్చి అప్పుడే ఒలిపించండి. పూత తర్వాత కాయ కట్టడానికి మట్టిలోకి దిగే కాడలను, అంటే ఊడలను చూపించాలంటే మొలకను ఆవరణలోకి మార్చాల్సిందే.