25 వేలలో స్టూడెంట్ కెమెరా: సెకండ్ హ్యాండ్‌లో ఏది కొనాలి, ఎలా చూసి కొనాలి

చేతిలో 25 వేలే ఉంటే కొత్త కెమెరా జోలికి పోవద్దు. ఆన్‌లైన్‌లో ఆరేడు వేలకు ‘4కే, 48 మెగాపిక్సెల్, 16ఎక్స్ జూమ్’ అని కనిపించేవాటి సంగతి అసలే వద్దు. చాలావాటిలో సెన్సార్ గోరంత కూడా ఉండదు, ఫోకస్ కదలదు, జూమ్ అంటే ఫొటోను కత్తిరించి సాగదీయడమే. దానికన్నా మీ ఫోనే నయం. పెళ్లి ఫొటోగ్రాఫర్లు లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలకి మారిపోతున్నారు కాబట్టి, అద్దం ఉండే పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లు అందుబాటు ధరల్లోకి వచ్చాయి. నేర్చుకోవడానికి అవి చాలు.

ఉన్న డబ్బంతా బాడీ (లెన్స్ లేని కెమెరా) మీదే పెట్టేయొద్దు. బాడీ, దాంతోపాటు వచ్చే 18-55 ఎంఎం జూమ్ లెన్స్ (కిట్ లెన్స్) కలిపి 17, 18 వేలు దాటనివ్వకండి. మిగిలిన దాంట్లో వీ30 గుర్తున్న (వీడియోకి సరిపడా వేగం ఉన్న) 64 జీబీ మెమరీ కార్డు, అదనపు బ్యాటరీ, చిన్న బ్యాగు వచ్చేయాలి. ఇంకా మిగిలితే దాచుకోండి, 50 ఎంఎం ఎఫ్1.8 లాంటి, జూమ్ లేకపోయినా వెలుతురు ఎక్కువ తీసుకునే లెన్స్‌కి పనికొస్తుంది.

ఫొటోలే ముఖ్యమైతే నికాన్ డీ3300 మంచి బేరం. 24 మెగాపిక్సెల్, పైగా మైక్ పెట్టుకునే రంధ్రం ఉంది. తర్వాత వచ్చిన డీ3400, డీ3500లలో ఆ రంధ్రం తీసేశారు. కొత్త మోడల్ కదా అని ఎక్కువ పెట్టేముందు ఇది గుర్తుంచుకోండి. నికాన్ డీ3000, డీ5000 వరుస బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. చవగ్గా వస్తోందని సొంత మోటారు లేని పాత 50 ఎంఎం ఏఎఫ్-డీ లెన్స్ కొంటే చేత్తో ఫోకస్ తిప్పుకోవాల్సిందే. లెన్స్‌లోనే మోటారు ఉండే, ఏఎఫ్-ఎస్ అని రాసున్నదే అడగండి. వీడియోలు, షార్ట్ ఫిల్ములు మీ పనైతే కెనాన్ 200డీ చూడండి. తెర తిరుగుతుంది, మైక్ పెట్టుకోవచ్చు, వీడియోలో ఫోకస్ తడబడదు. బడ్జెట్ కాస్త పెరుగుతుంది.

కెనాన్ 1500డీ, 3000డీల దగ్గర ఒక తిరకాసు ఉంది. కెమెరా పైన ఫ్లాష్ తగిలించే హాట్ షూ చూడండి: అంతకుముందు వచ్చిన 1300డీలో మధ్యన గుండ్రటి కాంటాక్టు కనబడుతుంది, ఈ రెండింటిలో ఆ చోటు ఖాళీ. ఆ ఒక్క కాంటాక్టు మీదే నడిచే చవక ఫ్లాష్‌లు, దూరంగా పెట్టిన ఫ్లాష్‌ను వెలిగించే ట్రిగ్గర్లు వీటిమీద పనిచేయవు. ముహూర్తాల సీజన్లో అసిస్టెంట్‌గా వెళ్లి నాలుగు డబ్బులు సంపాదించాలనుకునే స్టూడెంట్‌కి ఇది పెద్ద లోటే. పాతదైనా 1300డీ నయం.

చూసేటప్పుడు మీ సొంత కార్డు, లాప్‌టాప్ పట్టుకెళ్లండి. ముందు బ్యాటరీ తీసి చూడండి, ఉబ్బి ఇరుక్కుంటే మార్చాల్సిందే. తర్వాత అపెర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) బాగా చిన్నదయ్యేలా ఎఫ్22 పెట్టి, ఫోకస్ తప్పించి తెల్లగోడను తీయండి. మసక చుక్కలు దుమ్మే, శుభ్రం చేయిస్తే పోతాయి. సన్నటి గీతల్లాంటివి కనబడితే సెన్సార్ మీది గాజు గీసుకుపోయి ఉండొచ్చు, ఆ కెమెరా కొనొద్దు. ఎండలోకి వచ్చి షటర్ స్పీడు 1/4000 పెట్టి నాలుగు ఫొటోలు తీయండి. ఒక అంచున నల్లటి పట్టీ పడితే షటర్ అలిసిపోయినట్టే. నికాన్‌లో జేపీజీ ఫైలు లోపలే షటర్ లెక్క (ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు కొట్టిందో) ఉంటుంది. అమ్మేవారు ముందే ఫొటో పంపుతానంటే వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి, మామూలుగా పంపితే ఆ వివరం చెరిగిపోతుంది. ఈ తరగతి బాడీలకు లక్ష క్లిక్కుల దాకా ఆయుష్షు లెక్కేస్తారు. 40 వేల లోపు ఉంటే నిశ్చింత, 80 వేలు దాటితే ధర బాగా తగ్గించాలి.

ఎక్కువమంది బాడీని తిప్పి తిప్పి చూసి, లెన్స్ దగ్గర మోసపోతారు. కెనాన్ 18-55 జూమ్ తిప్పీ తిప్పీ లోపలి అపెర్చర్ రిబ్బన్ కేబుల్ తెగుతుంది. అప్పుడు కూడా అపెర్చర్ పూర్తిగా తెరిచి తీస్తే ఫొటో చక్కగా వస్తుంది, అమ్మేవారు అలాగే తీసి చూపిస్తారు. మీరు అపెర్చర్ మనమే పెట్టుకునే ఏవీ మోడ్‌లో ఎఫ్11 పెట్టి, జూమ్ 18, 35, 55 దగ్గర రెండేసి తీయండి. ఎక్కడైనా ‘ఎర్రర్ 01’ వస్తే ముందు కాంటాక్టులు తుడిచి చూడండి, మళ్లీ వస్తే ఆ లెన్స్ వద్దు.

ఫంగస్ (తేమకు లెన్స్ లోపల పట్టే బూజు) ఉందేమో చూడ్డానికి లెన్స్‌ను బాడీ నుంచి తీసి వెనకనుంచి ఫోన్ టార్చి వేసి, ముందునుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు పోగుల్లా కనబడితే అదే. నికాన్ లెన్స్ బాడీ నుంచి తీయగానే అపెర్చర్ మూసుకుంటుంది, వెనకున్న చిన్న మీటను వేలితో నెట్టి పట్టుకుంటేనే లోపలంతా కనిపిస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో కొంటుంటే ఈ పరీక్ష తప్పనిసరి.

డబ్బిచ్చేముందు బాడీ కింది సీరియల్ నంబరు, బిల్లు మీది నంబరు ఒకటేనా చూసుకోండి. బిల్లు లేదంటే అమ్మినట్టు కాగితం రాయించుకుని, ఆ నంబరు వేయించి సంతకం తీసుకోండి. అదీ కుదరదంటే వచ్చేయండి, దొంగ సరుకు కావచ్చు.

ఇంటికొచ్చాక కొత్త కార్డును ఒకసారి అంచులదాకా నింపి, ఫైళ్లన్నీ తెరిచి చూడండి. నకిలీ కార్డులు 64 అని చూపించి, కొంత నిండాక ఫొటోలు పాడుచేస్తాయి. కెమెరాను బ్యాగులో మూసిపెట్టి నెలల తరబడి వదిలేయొద్దు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ గుళికలు వేసి అందులో పెట్టండి. జెల్ రంగు మారితే వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.