అండమాన్ బోటు డైవింగ్‌కి ఫిన్స్, బూటీలు ఎలా ఎంచుకోవాలి?

ఫిన్స్, అంటే ఈదడానికి కాళ్లకు తొడుక్కునే రెక్కలు, కొనేటప్పుడు అందరి చూపూ నీటిని నెట్టే పలక, అదే బ్లేడు మీదే. నీళ్లలోకి దిగాక ఏడిపించేది మాత్రం చాలాసార్లు పాదం పట్టే తొడుగు. కాబట్టి కాలి దగ్గర్నుంచే మొదలుపెడదాం.

1. బోటు ఎక్కడ ఎక్కిస్తారో కనుక్కోండి

అండమాన్‌లోని హావ్‌లాక్ దీవి (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) చుట్టుపక్కల నీరు సుమారు 27–30 డిగ్రీలు ఉంటుంది. చలికని కాళ్లకు ఏమీ తొడగక్కర్లేదు. జెట్టీ నుంచి నేరుగా బోటెక్కేటట్టయితే ఉత్తికాళ్లు చాలు. పాటు మీద నీరు వెనక్కి తగ్గి, మోకాలి లోతులో నడిచి బోటు చేరాల్సి వస్తే సంగతి వేరు. అడుగున చచ్చిన పగడపు రాళ్లు, ముళ్ల అర్చిన్లు (ఒళ్లంతా ముళ్లుండే సముద్ర జీవులు) ఉంటాయి, గట్టి అడుగున్న బూటీలు (డైవింగ్‌కి వేసుకునే మెత్తటి రబ్బరు బూట్లు) కావాల్సిందే. ముందే డైవ్ సెంటర్‌కి ఫోన్ చేసి, పాటు సమయంలో ఎక్కడ ఎక్కిస్తారో అడగండి.

2. ఫుల్ ఫుటా, ఓపెన్ హీలా?

ఫుల్ ఫుట్ మడమతో సహా పాదాన్ని కప్పేస్తుంది, ఉత్తికాలికే తొడుక్కోవచ్చు. తేలిక, పైగా చవక. విమానంలో 15 కిలోల లగేజీతో సర్దుకోవాల్సిన వాళ్లకి ఇది చిన్న విషయం కాదు. ఓపెన్ హీల్‌కి మడమ వెనక స్ట్రాప్ ఉంటుంది, లోపల బూటీ తప్పనిసరి. ఉత్తికాలికి బిగిస్తే స్ట్రాప్ మడమను కోసేస్తుంది.

జెట్టీ నుంచే ఎక్కేవాళ్లకి ఫుల్ ఫుట్ చాలనే మా మాట. అయితే డైవ్ ముగిశాక నిచ్చెన దగ్గర దాని లోటు తెలుస్తుంది. కెరటాలకి బోటు ఎగిరిపడుతుంటే, ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని రెండో చేత్తో ఫిన్ విప్పాలి. ఓపెన్ హీల్‌కి సాగే స్ప్రింగ్ స్ట్రాప్ ఉంటే వెనక ఉన్న లూపులో వేలు పెట్టి లాగితే వచ్చేస్తుంది, మణికట్టుకి తగిలించుకుని ఎక్కేయొచ్చు. ఫుల్ ఫుట్ మాత్రం కాలికి అతుక్కుపోతుంది. మడమ అంచు కింద వేలు దూర్చి, నీరు లోపలికి పోనిచ్చి, అప్పుడు లాగాలి. తగిలించుకునే వీలు లేదు కాబట్టి పైనున్నవాళ్లకి ఒక్కొక్కటే అందించండి. ఏ రకమైనా సరే, నిచ్చెన చేతికి చిక్కకముందే విప్పొద్దు. ప్రవాహం లాగేస్తే ఫిన్స్ లేకుండా బోటు దాకా ఈదుకు రాలేరు.

3. తొడిగి చూడండి

మన 8 నంబరు పాదానికి మామూలుగా యూరప్ సైజు 42 సరిపోతుంది. ఫుల్ ఫుట్ ఎక్కువగా 42–43 లాంటి జంట సైజుల్లో వస్తుంది. కుర్చీలో కూర్చుని, తొడుక్కుని, కాలు గాల్లో ఆడించండి. మడమ జారితే అది పెద్దది. వేళ్లు ముడుచుకున్నా, పది నిమిషాల్లో పాదం తిమ్మిరెక్కినా చిన్నది. కాస్త వదులైతే 2 మి.మీ. నియోప్రీన్ (మెత్తటి నురగ రబ్బరు) సాక్స్ ఆదుకుంటాయి, బిగుతుకి మందు లేదు. వేళ్ల దగ్గర పాదం వెడల్పుగా ఉన్నవాళ్లు నంబరు చూసి ఆన్‌లైన్‌లో తెప్పించుకోకపోవడమే మంచిది.

ఒరుసుకునే చోట్లు రెండు: వేళ్ల కణుపుల పైభాగం, మడమ వెనక నరం. రోజుకి రెండేసి డైవులు చేస్తుంటే నానిన చర్మం అక్కడే లేచిపోతుంది. మళ్లీ మళ్లీ నీళ్లలో దిగుతుంటే పుండు మానదు.

4. బూటీ ముందు, ఫిన్ తర్వాత

3 మి.మీ. మందం చాలు. 5 మి.మీ. ఎక్కువ తేలి కాళ్లను పైకి ఎత్తుతుంది. వేళ్ల ముందు ఖాళీ ఉంటే అది నీటి సంచి అవుతుంది, కాబట్టి పాదానికి అతికినట్టుండాలి. కొన్న బూటీ వేసుకునే ఓపెన్ హీల్ ఫిన్ తొడిగి చూడండి. రబ్బరు స్ట్రాపయితే అదనంగా ఇంకోటి సంచీలో పడేయండి. ఎండకీ ఉప్పుకీ పగుళ్లొచ్చి, సరిగ్గా బోటు మీదే తెగుతుంది.

5. ఇక బ్లేడు

మధ్యస్థమైన గట్టిదనం చాలు. మరీ గట్టిదైతే కొత్తవాళ్లకి పిక్క పట్టేస్తుంది. అలా పడితే ఫిన్ కొస పట్టుకుని మీవైపు లాగుతూ మోకాలు చాపండి. బరువైన నల్ల రబ్బరు ఫిన్స్‌కి పల్చటి వెట్‌సూట్‌లో (ఒంటికి అతుక్కునే డైవింగ్ దుస్తులు) కాళ్లు కిందికి దిగిపోయి ఇసుక రేపుతాయి. ఊపిరి బిగబట్టి దిగే ఫ్రీడైవింగ్ వాళ్ల పొడుగు ఫిన్స్ పగడాలకు తగులుతాయి, చిన్న బోటులో పెట్టడానికీ చోటుండదు.

ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి నీడలో ఆరేయండి. ఫుల్ ఫుట్ లోపల వచ్చిన ప్లాస్టిక్ అచ్చు పారేయొద్దు, అది లేకపోతే తొడుగు నలిగి ఆకారం పోతుంది. కొస మీద గోడకి నిలబెట్టినా బ్లేడు వంగిపోతుంది, మంచం కింద బల్లపరుపుగా పడుకోబెట్టండి.