లంక గ్రామాల వార్తలకు వర్డ్‌ప్రెస్ ఎందుకు ఎంచుకున్నాం

కోనసీమ లంకల్లో వరద సాయం చేసే మా సంస్థ బ్లాగులో అందరూ ఒకే పాస్‌వర్డ్‌తో రాసేవారు. ఏటిగట్టు గురించి సరిచూడని మాట బయటికి వెళితే ఊళ్లకు ఊళ్లే కంగారుపడతాయి. ఎవరు రాశారో కూడా తెలిసేది కాదు.

గూగుల్ వారి బ్లాగు సేవ ‘బ్లాగర్’ ఉచితమే, కానీ అక్కడ రచయితగా చేరినవారు ఎవరైనా నేరుగా ప్రచురించగలరు. మాకు మధ్యలో ఇంకొకరి చూపు తప్పనిసరి. అందుకే వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌కు మారాం. అందులో ‘కంట్రిబ్యూటర్’ హోదా ఉన్నవారు రాసి సమీక్షకు పంపగలరు, ప్రచురించలేరు. ఎడిటర్ సరేనన్నాకే అది పాఠకులకు కనిపిస్తుంది. రాజోలు, ముమ్మిడివరం కార్యకర్తలందరికీ ఎవరి ఖాతా వారికి ఇచ్చి, ఆ హోదానే పెట్టాను. నిజంగా ఎంత నిశ్చింతో!

అయితే ఆ హోదాలో ఫొటోలు ఎక్కించడం కుదరదు. వాటిని వాట్సాప్‌లో పంపితే ఎడిటరే చేరుస్తారు. సాఫ్ట్‌వేర్ ఉచితమైనా, హోస్టింగ్‌కు (సైటు ఉండే సర్వర్‌కు), డొమైన్‌కు (సైటు చిరునామాకు) ఏటా డబ్బు కట్టాలి.