కిక్కిరిసిన చిత్రంలో తారల కొలత: తేడా వస్తే ఎక్కడ వెతకాలి

డ్రాకో మరుగుజ్జు గెలాక్సీలో తారల వేగాల వ్యాప్తి (సగటు నుంచి వేగాలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) సెకనుకు 10 కిలోమీటర్ల లోపే. అది సుమారు 2.5 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది కాబట్టి, హబుల్ అంతరిక్ష టెలిస్కోపులోని ఏసీఎస్ కెమెరా చిత్రాల్లో ఆ కదలిక ఏడాదికి పిక్సెల్‌లో దాదాపు రెండు వేలో వంతు. దాని కృష్ణ పదార్థాన్ని (కంటికి కనిపించని, గురుత్వంతోనే తెలిసే పదార్థాన్ని) తూచడానికి మన చేతిలో ఉన్నది ఇంతే. కొలతలో చిన్న తప్పు కూడా ద్రవ్యరాశిగా లెక్కలోకి ఎక్కేస్తుంది.

తారలను తీసేశాక మిగులు చిత్రంలో ఉంగరాలు

చిత్రంలో తార వెలుగు పరుచుకునే ఆకృతికి మీరు వాడిన నమూనా సరిపోలేదన్నమాట. ఉంగరాలు మూలల్లోనే ఉంటే, ఆకృతి చిత్రమంతటా ఒకేలా లేదు. స్థానాన్ని బట్టి మారే నమూనా వాడండి. అన్నిచోట్లా ఉంటే పొరుగు తారల వెలుగు నమూనాలో కలిసిపోయి ఉండవచ్చు. పొరుగు తారలను తీసేసి, నమూనాను మళ్లీ కట్టండి. ఒకవైపు తెలుపు, మరోవైపు నలుపు కనిపిస్తే స్థానం తప్పింది, లేదా అక్కడ రెండు తారలున్నాయి.

మసక తారలన్నీ ఒకే దిక్కుకు కదులుతున్నాయి

సంబరపడకండి, అది గెలాక్సీ కదలిక కాకపోవచ్చు. రేడియేషన్‌కు దెబ్బతిన్న సీసీడీ (కెమెరాలో వెలుగును నమోదు చేసే చిప్) ఎలక్ట్రాన్లను పట్టి ఉంచి ఆలస్యంగా వదులుతుంది. దాంతో తారకు తోక వచ్చి, కేంద్రం పక్కకు జరుగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఈ లోపం పెరుగుతుంది కాబట్టి అచ్చం చలనంలాగే కనిపిస్తుంది. ఈ లోపాన్ని సవరించిన చిత్రాలు తీసుకోండి. మిగిలిన జరుగుడు తార ప్రకాశాన్ని బట్టి, చిప్‌పై స్థానాన్ని బట్టి మారుతోందేమో చూడండి.

వేగాల వ్యాప్తి మరీ ఎక్కువ

అసలు చిక్కు ఇక్కడే. కొలతల్లో కనిపించే చెదురు సెకనుకు 12 కిలోమీటర్లు, కొలత దోషం 8 అనుకుందాం. వర్గాలు తీసేస్తే 144 – 64 = 80, అంటే అసలు వ్యాప్తి 8.9. దోషం నిజానికి 10 అయితే మిగిలేది 44, వ్యాప్తి 6.6. ద్రవ్యరాశి వ్యాప్తి వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి గెలాక్సీ బరువు దాదాపు సగానికి పడిపోయింది!

కొలిచే ప్రోగ్రామ్ చెప్పే దోషం కిక్కిరిసిన తారల గుంపులో తరచూ తక్కువగానే ఉంటుంది, ఆ అంకెను నేను నమ్మను. స్థానం, ప్రకాశం తెలిసిన కృత్రిమ తారలను చిత్రంలో కొద్దికొద్దిగా చల్లి (ఒకేసారి పోస్తే గుంపు మీరే పెంచినట్టు) మొదటి నుంచీ మళ్లీ కొలవండి. ఇచ్చినదానికీ దొరికినదానికీ మధ్య వచ్చే చెదురే నిజమైన దోషం.

వర్ణపటం నుంచి తీసిన వేగాలైతే జంట తారలనూ అనుమానించాలి, అవి ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే వేగం కూడా వ్యాప్తిని పెంచేస్తుంది. 1983లో ఖగోళ శాస్త్రవేత్త మార్క్ ఆరన్సన్ డ్రాకోలో మూడే కార్బన్ తారల వేగాలతో కృష్ణ పదార్థాన్ని సూచించినప్పుడు తలెత్తిన ప్రశ్నల్లో ఇదీ ఒకటి. విరుగుడు తెలిసిందే: నెలల తేడాతో మళ్లీ కొలవడం. మన పాలపుంత తారలు కలిసిపోతే గయా ఉపగ్రహం కొలిచిన చలనాలతో, రంగుతో ఏరేయవచ్చు.

చివరగా తారలను ప్రకాశవంతమైనవి, మసకవి అని రెండు జట్లు చేసి వ్యాప్తి విడివిడిగా తీయండి. మసక జట్టుకే ఎక్కువ వస్తే ముందుగా దోషాల లెక్క మళ్లీ చూడండి, కృష్ణ పదార్థం సంగతి తర్వాత.