హింస నుంచి బయటపడిన స్త్రీకి తోడుగా నిలవడం ఎలా?

పక్కింటి ఆమె అర్ధరాత్రి దెబ్బలతో మీ తలుపు తట్టవచ్చు. పని ఇప్పిస్తామని ఏజెన్సీలోని గిరిజన గ్రామం నుంచో, ఒడిశా నుంచో ఎవరో తీసుకొచ్చిన అమ్మాయి విశాఖ రైల్వే స్టేషన్‌లో దిక్కుతోచక కనిపించవచ్చు. ఆమెకు ఏది మంచిదో మనమే తేల్చేయాలని తొందరపడతాం. కానీ ఇన్నాళ్లూ ఆమె బతుకును నిర్ణయించింది వేరేవాళ్లే. అందుకే కింది ప్రతి దశలోనూ ఆమెను అడిగాకే ముందుకు కదలండి.

1. ముందు ప్రమాదం తప్పించండి

హింసించిన మనిషి దగ్గరలో ఉన్నాడా? పిల్లలు ఎక్కడున్నారు? ఈ రెండూ మొదట తెలుసుకోండి. ప్రాణభయం ఉంటే 112కు ఫోన్ చేయండి. రైల్లో లేదా స్టేషన్‌లో అయితే 139, మహిళల సహాయానికి 181, పిల్లలకు 1098. మీరే వెళ్లి అతన్ని నిలదీయకండి, సర్దిచెప్పడానికి పెద్దమనుషులను పిలవకండి. ఆ కోపం తిరిగి ఆమె మీదే పడుతుంది. అమ్మాయిలను బంధించారని అనుమానం ఉన్న ఇంటికి సొంతంగా వెళితే, మిగిలినవారిని రాత్రికి రాత్రే మరో ఊరికి తరలించే ప్రమాదం ఉంది.

2. తక్కువ అడగండి, ఎక్కువ వినండి

“ఇందులో నీ తప్పు లేదమ్మా. ఇప్పుడు నీకు ఏం కావాలి?” ఈ మాట చాలు. “ఇంతకాలం ఎందుకు ఊరుకున్నావు?” అని మాత్రం అడగకండి. జరిగినదంతా మీకు చెప్పాల్సిన అవసరమూ లేదు. డాక్టరు ముందు, పోలీసుల ముందు, మేజిస్ట్రేటు ముందు ఎలాగూ చెప్పాల్సి రావచ్చు. తేదీలు తారుమారైతే అబద్ధమనుకోవద్దు, భయానికి జ్ఞాపకం చెదురుతుంది. తెలుగు రాని అమ్మాయి అయితే, ఆమె వెంట వచ్చిన ‘బంధువు’తో మాటలు అనువదించి చెప్పించుకోకండి.

3. లైంగిక దాడి జరిగితే ఆలస్యం వద్దు

హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపే మొదలుపెట్టాలి. ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. గర్భం రాకుండా వేసుకునే అత్యవసర మాత్రలకూ ఇదే మాట వర్తిస్తుంది. వీలైతే వైద్య పరీక్ష అయ్యేదాకా స్నానం చేయకుండా ఉంటే మంచిది. ఆ రోజు కట్టుకున్న బట్టలు ఉతకకుండా కాగితపు సంచిలో పెట్టండి, ప్లాస్టిక్ కవరులో తేమ చేరి ఆనవాళ్లు పాడవుతాయి. అప్పటికే స్నానం చేసి ఉంటే ఒక్క మాటా అనకండి, అయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

విశాఖలో చాలామందికి తెలిసిన చోటు ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్). వన్ స్టాప్ సెంటర్‌లో కౌన్సెలింగ్, పోలీసు సహాయం, న్యాయ సలహా, కొద్దిరోజుల ఆశ్రయం ఒకే చోట దొరుకుతాయి. 181కు ఫోన్ చేసినా అక్కడికి దారి చూపుతారు. ప్రైవేటు ఆసుపత్రి అయినా అత్యాచార బాధితురాలికి వెంటనే ఉచితంగా చికిత్స చేయాల్సిందే. ‘ముందు ఎఫ్‌ఐఆర్ తీసుకురండి’ అంటే ఒప్పుకోకండి. పరీక్షకు ఆమె సమ్మతి తప్పనిసరి. పరీక్ష వద్దన్నా చికిత్స ఆపకూడదు. యోనిలో వేళ్లు పెట్టి చూసే ‘రెండు వేళ్ల పరీక్ష’ చేయరాదని సుప్రీంకోర్టు 2022లో మరోసారి గట్టిగా చెప్పింది.

4. ఫిర్యాదు చేయాలని ఆమె అనుకుంటే

నేరం గాజువాకలో జరిగినా, పాడేరులో జరిగినా దగ్గరలోని ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించవచ్చు. లైంగిక నేరాల్లో ఆమె చెప్పింది మహిళా అధికారి రాసుకోవాలి. ఎఫ్‌ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలి. ‘ఇష్టపడే వచ్చింది కదా’ అని ఎవరైనా అంటే, మనుషుల అక్రమ రవాణా నేరాన్ని తేల్చడంలో బాధితురాలి సమ్మతికి విలువ లేదని భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది.

ఇంట్లో హింస అయితే క్రిమినల్ కేసు వద్దనుకున్నా దారి ఉంది. 2005 గృహహింస చట్టం కింద రక్షణ అధికారి ద్వారా మేజిస్ట్రేటు నుంచి రక్షణ ఉత్తర్వులు కోరవచ్చు, కాపురం ఉన్న ఇంట్లోనే ఉండే హక్కూ ఆమెకు ఉంది. 18 ఏళ్లు నిండని అమ్మాయిపై లైంగిక నేరం జరిగితే మాత్రం పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. ఎవరికీ చెప్పనని ఆ పిల్లకు మాట ఇవ్వకండి. ఎవరికి, ఎందుకు చెప్పాల్సి వస్తుందో ముందే నిజం చెప్పండి.

5. పేరు, ఫొటో బయటకు పోనివ్వకండి

సాయం కోరుతూ వాట్సాప్ గ్రూపులో పెట్టే ఫొటో అయినా సరే, వద్దు. అత్యాచార బాధితురాలి వివరాలు బయటపెడితే రెండేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు.

6. తరువాతి నెలల్లో

మొదటి వారం అందరూ వస్తారు. కేసు సాగే నెలల్లోనే ఆమె ఒంటరవుతుంది. ఆదాయంతో పని లేకుండా స్త్రీలకు, అక్రమ రవాణా బాధితులకు ఉచితంగా లాయరును ఇచ్చేది జిల్లా న్యాయ సేవాధికార సంస్థ; ఫోన్ నంబరు 15100. నష్టపరిహారానికి దరఖాస్తు కూడా అక్కడే చేయండి. ఎక్కువకాలం ఆశ్రయం కావాలంటే శక్తి సదన్ గురించి వన్ స్టాప్ సెంటర్‌లో అడగండి. ఆధార్, తన పేరు మీదే బ్యాంకు ఖాతా, ఎవరికీ తెలియని ఫోన్ నంబరు ఏర్పాటు చేసుకోవడానికి సాయపడండి. వాయిదా రోజున ఆమె కోరితే కోర్టు దాకా వెంట వెళ్లండి, లేదా ఆమె వచ్చేదాకా పిల్లలను మీ ఇంట్లో ఉంచుకోండి.