తొలకరికి ముందే యాంప్లిఫయర్‌కు చేయాల్సిన పనులు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండలు తగ్గి మృగశిర చినుకులు పడేలోపు, అంటే జూన్ మొదటి వారానికల్లా, ఇంట్లో మంచి యాంప్లిఫయర్ ఉన్నవాళ్ళు ఒక ఆదివారం దానికోసం కేటాయించాలి. వయసు మీద పడి పాడయ్యే సెట్టు ముందే కొన్ని గుర్తులు చూపిస్తుంది. వానాకాలంలో పోయేది ఒక్క సాయంత్రంలో పోతుంది, అదీ చాలాసార్లు గోడలోని వైర్ల నుంచి వచ్చిన దెబ్బకే. కాబట్టి పని సాకెట్ దగ్గర మొదలుపెట్టండి.

రెండేళ్ళ కిందట గాలివానకు మా వీధిలో వేపకొమ్మ విరిగి తీగల మీద పడింది. న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్ళే తీగ, తెగింది. బల్బులు ఒక్కసారిగా తెల్లగా వెలిగాయి, ఫ్యాన్లు హోరుమన్నాయి, పక్కింటి టీవీ వెనక నుంచి పొగ వచ్చింది. నేను ఎంతో ఇష్టంగా దాచుకున్న పాత జపాన్ యాంప్లిఫయర్ అప్పుడు ఆన్‌లోనే ఉంది. ప్లగ్గు పీకేలోపే ఫ్యూజు పోయింది. కొత్త ఫ్యూజు వేశాక పాడింది కానీ, నెల తిరక్కుండా రెండు స్పీకర్లలోనూ ‘మ్‌మ్‌’ అని సన్నటి హమ్ మొదలైంది. మూత తీయించి చూస్తే పవర్ సప్లైలో చార్జిని నిల్వచేసి నిలకడగా అందించే పెద్ద కెపాసిటర్ నెత్తి ఉబ్బి ఉంది.

మామూలుగా ఇంటికి వచ్చేది 230 వోల్టులు. న్యూట్రల్ తెగితే, రెండు ఫేజుల (కరెంటు తెచ్చే తీగల) మధ్య ఉండే 400 వోల్టులు ఇళ్ళలో నడుస్తున్న లోడును బట్టి పంచుకుపోతాయి. తక్కువ లోడున్న ఇంటికి 300 దాటి రావచ్చు. స్పైక్ బస్టర్ దీన్ని ఆపలేదు. అందులోని రక్షణ భాగం క్షణంలో వచ్చిపోయే పోటుకు పనికొస్తుంది, నిమిషాల తరబడి ఉండే ఎక్కువ వోల్టేజీకి అదే కాలిపోతుంది. మెయిన్ బోర్డులో ఎంసీబీ (ఎక్కువ కరెంటు లాగితే తానే పడిపోయే స్విచ్చు) పక్కన ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ పెట్టించండి. నేను 260 దాటితే కట్ అయ్యేలా, కరెంటు వచ్చాక 3 నిమిషాలు ఆగి ఇచ్చేలా పెట్టించాను. నా దృష్టిలో ఖరీదైన కేబుళ్ళకు పోసే డబ్బు కంటే దీనికి పెట్టేదే ఎక్కువ అక్కరకొస్తుంది.

ఎర్త్ గుంత ఎండాకాలంలో ఎండిపోయి ఉంటుంది. నీళ్ళు పోసి, ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చెక్ చేయించండి. హమ్ తగ్గుతుందని మూడో పిన్ను తీసేసేవాళ్ళను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. లోపల ట్రాన్స్‌ఫార్మర్ లీకైతే ఆ కరెంటు నేరుగా మీ చేతికే వస్తుంది.

ఇక పిడుగులు. 2018 ఏప్రిల్ 24న ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 13 గంటల్లో 36,749 పిడుగుపాట్లు నమోదయ్యాయి. వీటికి స్విచ్ ఆపితే చాలదు, స్విచ్చు లోపలి ఎడం కొన్ని మిల్లీమీటర్లే. ప్లగ్గు పీకి పక్కన పెట్టాలి. దాంతోపాటు డిష్ వైరు, ఇంటర్నెట్ వైరు, ఎఫ్ఎం యాంటెన్నా, ఇలా బయటి నుంచి వచ్చి సెట్టుకు తగిలే ప్రతిదీ విడదీయాలి. చాలామంది కరెంటు ప్లగ్గు తీసి, నెట్ వైరు మర్చిపోతారు. ఫోన్‌లో దామిని యాప్ పెట్టుకుంటే దగ్గర్లో పిడుగులు పడుతున్నాయో లేదో తెలుస్తుంది. ఉరుములు నెత్తిమీదికి వచ్చాక మాత్రం వైర్ల జోలికి పోవద్దు, ఆ పని మబ్బు పట్టినప్పుడే అయిపోవాలి.

అమెరికా నుంచి అన్నయ్యో మేనమామో పంపిన సెట్టు మీ ఇంట్లో ఉంటే ఇంకొంచెం జాగ్రత్త కావాలి. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 50 హెర్ట్జ్. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది కానీ ఫ్రీక్వెన్సీని మార్చదు. కేవలం 60 హెర్ట్జ్ కోసం చేసిన ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడ ఎక్కువ వేడెక్కుతుంది, మోత పెడుతుంది. వెనక 50/60 అని రాసి ఉందో లేదో చూడండి. జపాన్‌లో తూర్పున 50, పడమట 60 కాబట్టి అక్కడివి చాలావరకు రెండింటినీ తట్టుకుంటాయి. అయితే వాటికి కావాల్సింది 100 వోల్టులు. 110 ఇచ్చే స్టెప్‌డౌన్‌కు తగిలిస్తే, లైన్లో 250 వచ్చిన రాత్రి సెట్టుకు దాదాపు 120 అందుతుంది. అంటే 20 శాతం ఎక్కువ. లోపలి కెపాసిటర్లకు అది పెద్ద భారం.

కెపాసిటర్లకు అసలు శత్రువు వేడి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. క్లాస్ ఎ అనే రకం సెట్లలో పాట లేకపోయినా కరెంటు బాగా నడుస్తుంది, అవి కాలుతూనే ఉంటాయి, వాటిని మూసిన అల్మరాలో పెట్టవద్దు. పైన కనీసం అరచేయంత ఖాళీ వదలండి. దుమ్మును మెత్తటి బ్రష్షుతో దులపండి. మూత మాత్రం మీరే తీయకండి: ప్లగ్గు పీకాక కూడా లోపల చార్జి నిలిచి ఉంటుంది, గాజు గొట్టాలతో నడిచే వాల్వ్ సెట్లు కొన్నింటిలో అది 400 వోల్టుల పైమాటే.

తేమ చేసే నష్టం నిదానంగా ఉంటుంది, అందుకే పట్టుబడదు. కాకినాడ, విశాఖ లాంటి ఊళ్ళలో ఉప్పుగాలి కూడా తోడవుతుంది. పొద్దున్నే చిన్న సౌండులో పాట పెడితే ఒక పక్క స్పీకరు మూగబోయి, గొంతు దుప్పట్లోంచి వచ్చినట్టు ఉంటుంది. వాల్యూమ్ పెంచగానే టక్కున తెరుచుకుంటుంది, తర్వాత రోజంతా బాగుంటుంది. ఇది స్పీకర్ జబ్బు కాదు. చాలావరకు యాంప్లిఫయర్‌లోని ప్రొటెక్షన్ రిలే, అంటే లోపం వస్తే స్పీకర్లను విడదీసే స్విచ్చు, దాని కాంటాక్టులు నల్లబడటమే. గరుకు కాగితంతో గీకించకండి, రిలే మార్పించండి. నాబ్ తిప్పితే గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ సరిపోతుంది. తుప్పు వదిలించే స్ప్రే మాత్రం కొట్టొద్దు. వానల్లో వారానికి రెండుసార్లు ఓ గంట పాట పెడితే ఆ వెచ్చదనానికే లోపలి చెమ్మ ఆరుతుంది. ప్లాస్టిక్ కవర్ వద్దు, నూలు గుడ్డ చాలు, అదీ సెట్టు చల్లారాకే. ట్యూబ్‌లైట్ కింద పెట్టకండి, పురుగుల కోసం వచ్చిన బల్లి వెచ్చగా ఉందని లోపలికి దూరుతుంది.

ఏళ్ళ తరబడి అటక మీద ఉన్న సెట్టును నేరుగా 230కి పెట్టవద్దు. మెకానిక్ దగ్గర సిరీస్ బోర్డు ఉంటుంది, అందులో కరెంటు 100 వాట్ల ఫిలమెంట్ బల్బు గుండానే సెట్టుకు వెళ్తుంది. బల్బు ఒకసారి వెలిగి మసకబారితే ఫరవాలేదు, వెలుగు తగ్గకపోతే లోపల షార్ట్ ఉన్నట్టే.

చివరగా చెవితో పరీక్ష. రోజూ వినే చెవికి మెల్లమెల్లగా వచ్చే తేడా తెలియదు, అందుకే ఘంటసాల పాత మోనో పాట (రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వని వచ్చేది) ఒకటి పెట్టండి. గొంతు సరిగ్గా రెండు స్పీకర్ల నడుమ నిలబడాలి. ఒక పక్కకు ఒరిగితే సెట్టు ఆపి, ఇన్‌పుట్ వైర్లు అటూఇటూ మార్చి వినండి. ఒరుగు రెండో పక్కకు మారితే లోపం పాట వచ్చే పరికరంలో ఉంది, మారకపోతే యాంప్లిఫయర్‌లోనో స్పీకర్లోనో ఉంది. తర్వాత పాట ఆపి, పదిహేను నిమిషాలు వేడెక్కిన ట్రాన్సిస్టర్ సెట్టుకు స్పీకర్ టెర్మినళ్ళ దగ్గర మల్టీమీటర్‌తో డీసీ కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే నిశ్చింత, 100 దాటితే మెకానిక్‌కు చూపించే వరకు స్పీకర్లు తగిలించకండి. ఆ అంకెలు తేదీతో సహా చీటీ మీద రాసి సెట్టు కింద పెట్టుకోండి. దసరా సెలవుల్లో మళ్ళీ కొలిచి, ఆ పక్కనే రాయండి.