ఒకే రెడిస్, రెండు యాప్‌లు: అరలు ఎలా పంచాలి

గుంటూరు వ్యాపారులకి నేను జాంగోలో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) రాసిచ్చిన రెండు యాప్‌లు 2 జీబీ ర్యామ్ ఉన్న ఒకే సర్వర్ మీద నడుస్తాయి. ఒకటి మిర్చి రేట్లు చూపిస్తుంది, ఇంకోటి కోల్డ్ స్టోరేజీలో బస్తాలకు చోటు బుక్ చేస్తుంది. మొదట్లో రెండు యాప్‌లూ రేట్లు దేనికదే తెచ్చుకునేవి, అంకెలు తేడాగా కనిపించేవి. ఒక రైతు రెండు స్క్రీన్లూ పక్కపక్కన పెట్టి, "ఇందులో ఏది నిజం బాబూ?" అన్నాడు.

జాంగోలో మామూలుగా వచ్చే లోకల్ మెమొరీ క్యాష్ (తెచ్చిన డేటాని మళ్లీ వాడటానికి దాచే చోటు) దీనికి పనికిరాదు. అది ఏ ప్రాసెస్‌కి ఆ ప్రాసెస్‌దే. ఒకే యాప్‌ని నడిపే రెండు వర్కర్ ప్రాసెస్‌లకే అది ఉమ్మడి కాదు, ఇక రెండు యాప్‌ల సంగతి చెప్పాలా? అందుకే రెడిస్: డేటాని మెమొరీలో ఉంచుకుని, ఏ ప్రాసెస్ అడిగినా ఇచ్చే వేరే ప్రోగ్రాం. జాంగో 4.0 నుంచి రెడిస్‌ని క్యాష్‌గా వాడే బ్యాకెండ్ జాంగో లోపలే ఉంది.

నేను చేసిన తప్పు ముందే చెప్తాను. రెండు యాప్‌లనీ డేటాబేస్ 0లోనే పెట్టి, కీ ప్రిఫిక్స్‌లు (ప్రతి కీ పేరు ముందు తగిలించే ముక్క) వేరుగా ఇచ్చి నిశ్చింతగా ఉన్నాను. ఒక సాయంత్రం రేట్ల యాప్ డిప్లాయ్‌లో క్యాష్ క్లియర్ నడిచింది. బుకింగ్ యాప్‌లో ఉన్నవాళ్లంతా లాగౌట్! జాంగో వారి రెడిస్ క్లియర్ ప్రిఫిక్స్‌ని పట్టించుకోదు, ఆ డేటాబేస్ మొత్తం ఊడ్చేస్తుంది. సెషన్లు (ఎవరు లాగిన్ అయ్యారో గుర్తుంచుకునే డేటా) కూడా అందులోనే పెట్టడం నా తెలివి.

ఇప్పుడు ఇలా ఉంది. రెడిస్‌లో మామూలుగా 16 డేటాబేస్‌లు ఉంటాయి. 1 రేట్ల యాప్‌కి, 2 బుకింగ్ యాప్‌కి, 0 రెండూ చూసే మిర్చి రేట్లకి. సెషన్లు పోస్ట్‌గ్రెస్‌లోకి మార్చాను. ప్రిఫిక్స్‌లు ఉంచాను, ఎందుకంటే రెడిస్ ఏసీఎల్ (ఏ యూజర్ ఏ కీలు, ఏ కమాండ్లు వాడొచ్చో చెప్పే జాబితా) అనుమతులు వాటిని బట్టే ఇవ్వాలి. యాప్‌కో యూజర్, వాళ్లకి డేంజరస్ కమాండ్ల వర్గం బంద్ (క్లియర్ వాడే కమాండ్ ఇందులోదే). అప్పుడు క్లియర్ పొరపాటున నడిచినా ఎర్రర్ వస్తుందే తప్ప ఏదీ చెరగదు.

ఉమ్మడి కీ జాంగో క్యాష్ ద్వారా వెళ్లకూడదు. అది కీ ముందు ప్రిఫిక్స్, వెర్షన్ నంబరు తగిలిస్తుంది, విలువని పికిల్ (పైథాన్ వస్తువుని బైట్లుగా మార్చే పద్ధతి; తెరిచేటప్పుడు అందులోని కోడ్ నడవొచ్చు) చేస్తుంది. పికిల్ పంచుకుంటే ఇంకో చిక్కు: ఒక యాప్‌లోకి దొంగ దూరితే, ఆ కీ ద్వారా రెండో యాప్‌లో తన కోడ్ నడిపించగలడు. కాబట్టి రెడిస్ లైబ్రరీతో నేరుగా జేసన్ రాయండి, గడువు 900 సెకన్లు. రాసేది రేట్ల యాప్ ఒక్కటే. బుకింగ్ చదువుతుంది, కీ లేకపోతే "రేటు వస్తోంది" అంటుంది, తానుగా వెళ్లి తెచ్చుకోదు. రెడిస్ 7లో కీలకు చదివే హక్కు మాత్రమే ఇవ్వొచ్చు, అది వాడుకోండి.

ఇక మెమొరీ. రెడిస్ తనంతట తాను హద్దు పెట్టుకోదు, మాక్స్‌మెమొరీ మీరే ఇవ్వాలి. నేను 256 ఎంబీ ఇచ్చి, పాలసీ ఆల్‌కీస్ ఎల్‌ఆర్‌యూ (హద్దు నిండితే చాలాసేపు వాడని కీలని ముందు తీసేయడం) పెట్టాను. డేటాబేస్ నంబర్లు ఈ హద్దుని పంచవు. సీజన్‌లో రేట్ల యాప్ ఉబ్బితే బుకింగ్ కీలు కూడా బయటికి పోతాయి. రెడిస్ ఇన్ఫోలో ఎవిక్టెడ్ కీస్ (ఇలా తీసేసిన కీల లెక్క) అంకె చూస్తూ ఉండండి. రోజూ ఎగబాకుతుంటే బుకింగ్ కోసం 6380 పోర్టు మీద రెండో రెడిస్ పెట్టేయడమే నయం. ఖాళీది దాదాపు 3 ఎంబీయే తింటుంది.